ఇంటర్మీడియట్ రెండేళ్ళు, ఆర్కిటెక్చర్ చదువుకు సన్నాహం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పదో తరగతి దాటిన విద్యార్థి చేరే జూనియర్ కళాశాల రెండేళ్ళ చదువు ఇంజనీరింగుకో వైద్యానికో దారితీసే వాకిలిగానే ఎక్కువమందికి తెలుసు. అదే వాకిలి నుంచి ఆర్కిటెక్చర్ చదువుకు కూడా దారి ఉన్నదన్న సంగతి చాలా కుటుంబాలలో రెండో సంవత్సరం పరీక్షలు ముగిసి, ర్యాంకుల లెక్కలు మొదలయ్యే నాటికి గాని చర్చకు రాదు. అప్పటికి దరఖాస్తు చేసుకోవడానికి వ్యవధి ఉండవచ్చునేమో గాని, సిద్ధపడడానికి మాత్రం ఉండదు. ఈ చదువుకు కావలసిన సన్నాహంలో కొంత భాగం పుస్తకంలో దొరికితే, మిగతా భాగం చేతికీ కంటికీ అలవాటు కావలసినది, అలవాటు అనేది వారాలలో వచ్చేది కాదు.

ఆర్కిటెక్చర్ అంటే మనుషులు నివసించే చోటును, చదువుకునే చోటును, వైద్యం పొందే చోటును, వెలుతురు, గాలి, నడక, బరువు, ఖర్చు, అందం అన్నింటినీ ఒక్కసారే లెక్కలోకి తీసుకుని ముందుగా ఊహించి, ఆ ఊహను గీతలలోకి మార్చి, కట్టేవారి చేతికి అందించే విద్య. కట్టడం నిలబడుతుందా, ఎంత ఇనుము, ఎంత సిమెంటు పడుతుంది అన్న లెక్క ప్రధానంగా సివిల్ ఇంజనీరుది. ఆ కట్టడం ఎవరి కోసం, ఏ వైపు తెరుచుకోవాలి, లోపల మనిషి ఎలా మెలగాలి అన్న నిర్ణయం ప్రధానంగా ఆర్కిటెక్టుది. ఇంటి స్థలం కొనగానే వాస్తు చూపించుకోవడం తెలుగునాట ఆనవాయితీ కనుక ఆర్కిటెక్చర్ అంటే వాస్తుశాస్త్రమేనని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. కళాశాలలో చెప్పే చదువులో సంప్రదాయ వాస్తు గ్రంథాల పరిచయం ఉండవచ్చు గాని, ఆ చదువు పునాది వేరు. భారతదేశంలో ఆర్కిటెక్ట్ అన్న పేరుతో వృత్తి చేయడానికి 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. ఆ నమోదుకు మామూలుగా ఐదేళ్ళ బి.ఆర్క్ డిగ్రీ ఆధారం. ఐదేళ్ళన్న మాట వినగానే, ఇంజనీరింగు నాలుగేళ్ళే కదా అని వెనుకడుగు వేసే తల్లిదండ్రులు ఉన్నారు. వారి ఆందోళన సహజమైనదే, కాని స్టూడియో అనే గదిలో గీసి, చెరిపి, మళ్ళీ గీసి నేర్చుకోవలసిన విద్యకు ఆ ఐదో ఏడు అదనపు భారం అనుకోవడానికి వీలులేదు.

ఈ దారిలో మొదటి మలుపు ఇంటర్మీడియట్‌లో గ్రూపు ఎంచుకునే రోజుననే వస్తుంది. ఇటీవలి నిబంధనల ప్రకారం బి.ఆర్క్ ప్రవేశానికి గణితం, భౌతికశాస్త్రం రెండూ తప్పనిసరి. మూడో సబ్జెక్టు విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. కాబట్టి ఎంపీసీ చదివే విద్యార్థికి దారి తెరిచే ఉంటుంది. గణితం లేని బైపీసీకి, భౌతికశాస్త్రం లేని ఎంఈసీకి అది మూసుకుపోతుంది. బొమ్మలు బాగా వేస్తాడు, లెక్కలంటే భయం, కాబట్టి ఆర్కిటెక్చర్‌కు పంపుదాం అనే ఆలోచనతో మరో గ్రూపులో చేర్పించి, రెండేళ్ళ తరవాత ఈ నిబంధన తెలుసుకుని బాధపడే కుటుంబాలు ఉండడం విచారకరం. పాలిటెక్నిక్‌లో గణితం ఒక విషయంగా మూడేళ్ళ డిప్లొమా చదివినవారికి కూడా ప్రవేశార్హత ఉంది. మార్కుల శాతం, సబ్జెక్టుల జాబితా కాలానుగుణంగా మారుతూ ఉంటాయి కనుక ఏ యేటి సమాచార పత్రాన్ని ఆ యేడే చదువుకోవడం మంచిది.

ప్రవేశ పరీక్షలు ముఖ్యంగా రెండు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ 2006 నుంచి నిర్వహిస్తున్న జాతీయ అభిరుచి పరీక్షను నాటా అంటారు. దాని ప్రస్తుత రూపంలో 200 మార్కులలో 80 మార్కులు కాగితం మీద గీసే భాగానికి, 120 మార్కులు కంప్యూటరు మీద సమాధానం గుర్తించే భాగానికి కేటాయించారు. గీసే భాగంలో రంగుల కూర్పు ఒకటి, నలుపు తెలుపులలో ఒక సన్నివేశాన్ని గీయడం ఒకటి, ఇచ్చిన సామగ్రితో చిన్న త్రిమితీయ రూపాన్ని అమర్చడం ఒకటి ఉంటాయి. రెండోది జేఈఈ మెయిన్‌లోని పేపర్ 2ఎ. అందులో 400 మార్కులకు గణితం 100, అభిరుచి 200, డ్రాయింగు 100. విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి కేంద్ర సంస్థలలోకి ప్రవేశం ఈ రెండో పరీక్ష ద్వారా జరుగుతుంది. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలలో ఈ చదువు కోరేవారు జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో పాటు ప్రత్యేకమైన ఆర్కిటెక్చర్ అభిరుచి పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల తెలుగునాట ఈ విద్యకు పేరున్న కేంద్రాలు.

మార్కుల ఈ విభజన చూసిన విద్యార్థి, గీయడానికి ఉన్నది నాలుగోవంతో, అయిదింట రెండు వంతులో కదా, మిగతాది చదివి గట్టెక్కవచ్చునని లెక్కవేసుకోవడం కద్దు. ఆ లెక్క పరీక్ష దాటించవచ్చు, కాని పరీక్ష తరవాత ఎదురయ్యే ఐదేళ్ళలో గీత రాని చేయి రోజూ ఇబ్బంది పెడుతుంది. అలాగని అందమైన బొమ్మ వేయగలగడమే అర్హత అనుకోవడం కూడా పొరపాటే. ముఖచిత్రాలు అచ్చు గుద్దినట్టు గీసే విద్యార్థి ఒక మెట్ల వరుసను సరిగా ఊహించలేకపోవచ్చు, బొమ్మ అంటేనే బెదిరే విద్యార్థి ఒక గదిని పైనుంచి, పక్కనుంచి, కోసి చూసినట్టు మనసులో తిప్పి చూడగలగవచ్చు. ఈ చదువు కోరేది రెండో శక్తిని. మొదటిది దానికి తోడు.

జూనియర్ కళాశాల కాలపట్టికలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, భాషలు, వాటి మీద స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు తప్ప గీత అనేది ఎక్కడా కనిపించదు. బడిలో వారానికి ఒకటో రెండో ఉండిన డ్రాయింగు పీరియడు పై తరగతులకు వచ్చేసరికి లెక్కల మాస్టారి చేతిలోకి వెళ్ళిపోవడం తెలిసిందే. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి అది పూర్తిగా అదృశ్యమవుతుంది. రెండో సంవత్సరం పరీక్షలు ముగిశాక కొద్ది వారాల శిక్షణతో ఈ లోటు పూడ్చాలని చూసేవారు ఉన్నారు. ఆ శిక్షణలో ప్రశ్నల తీరు, సమయం పంచుకునే పద్ధతి, రంగులు త్వరగా నింపే ఉపాయాలు తెలుస్తాయి, వాటి ఉపయోగం వాటికి ఉంది. అయితే నేర్పిన నాలుగు బొమ్మలనే, సంత దృశ్యం, బస్టాండు, పిల్లల ఆటస్థలం అంటూ అందరూ ఒకే తీరున గీయడం వల్ల విద్యార్థి సొంత చూపు మాత్రం ఏర్పడదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఎంపీసీ చదువు ఆర్కిటెక్చర్‌కు అడ్డమని, దాన్ని ఎలాగో భరించి బయటపడితే అసలు చదువు తరవాత మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పాఠ్యపుస్తకాలలోనే ఆర్కిటెక్చర్ మొదటి పాఠాలు ఉన్నాయి. వాటిని కట్టడం మీద పెట్టి చూపించేవారు లేకపోవడమే లోటు. దీనికి ఒక ఉదాహరణను కొంచెం వివరంగా చూడడం అవసరం.

త్రికోణమితిలో ట్యాంజెంట్ అన్న నిష్పత్తి ప్రతి విద్యార్థికీ తెలుసు. లంబకోణ త్రిభుజంలో ఒక కోణానికి ఎదురుగా ఉన్న భుజాన్ని దాని పక్క భుజంతో భాగిస్తే వచ్చేది అది. హైదరాబాదు భూమధ్యరేఖకు సుమారు 17.4 డిగ్రీల ఉత్తరాన ఉంది. సూర్యుడు ఏడాదిలో భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 23.4 డిగ్రీల దాకా ఊగుతాడు కనుక, జూన్ 21 ప్రాంతంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు 22 ప్రాంతంలో దక్షిణానికి వాలి, నేల నుంచి సుమారు 49 డిగ్రీల ఎత్తులో నిలుస్తాడు. మార్చి, సెప్టెంబరు నెలలలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజులలో ఆ ఎత్తు సుమారు 72.6 డిగ్రీలు. ఇప్పుడు దక్షిణపు గోడకు 4 అడుగుల ఎత్తున్న కిటికీ ఒకటి ఉన్నదని, దాని పైఅంచుకు ఆనుకుని 2 అడుగులు ముందుకు వచ్చిన సన్‌షేడ్ ఉన్నదని అనుకుందాం. 49 డిగ్రీల చిల్లర కోణానికి ట్యాంజెంట్ విలువ సుమారు 1.16 కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం ఆ సన్‌షేడ్ నీడ గోడ మీద 2.3 అడుగుల కిందికి దిగుతుంది, కిటికీ అడుగుభాగాన 1.7 అడుగుల మేర ఎండ గదిలోకి వస్తుంది. 72.6 డిగ్రీలకు ఆ విలువ 3.19 కాబట్టి మార్చి మధ్యాహ్నం నీడ 6 అడుగులు దాటి కిటికీని పూర్తిగా కప్పుతుంది. జూన్‌లో ఆ వేళకు సూర్యుడు ఇంటికి ఉత్తరాన ఉంటాడు కనుక దక్షిణపు కిటికీకి నేరుగా ఎండే తగలదు. చలికాలపు ఎండను కొంత రానిచ్చి, వేసవి ముఖం పట్టే ఎండను ఆపే ఈ ఏర్పాటు రెండడుగుల సిమెంటు పలకలోనూ, ఇంటర్మీడియట్ విద్యార్థి అప్పటికే నేర్చిన ఒక నిష్పత్తిలోనూ ఇమిడి ఉంది. ఇదే విద్యార్థి పడమటి గోడకు కూడా ఇదే సన్‌షేడ్ చాలునా అని ఆలోచిస్తే, సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి వస్తాడు కాబట్టి ఎంత పొడవు పలక పెట్టినా లాభం లేదని, అక్కడ వసారా గాని, చెట్టు గాని, నిలువు పలకలు గాని కావాలని తనంతట తనే గ్రహిస్తాడు.

అదే సన్‌షేడ్ భౌతికశాస్త్రానికి కూడా పాఠమే. ఒకవైపు మాత్రమే గోడలో బిగిసి రెండోవైపు గాలిలో నిలిచే ఇలాంటి పలకను కాంటిలీవర్ అంటారు. దాని మీద బరువు పడితే కొస కిందికి వంగాలని చూస్తుంది, అప్పుడు పలక పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని లాగుడును తట్టుకోలేదు. లాగుడును మోయవలసింది ఇనుము. కాబట్టి రెండు గోడల మీద ఆనిన మామూలు స్లాబులో నడిమి భాగాన ముఖ్యమైన చువ్వలు అడుగున ఉంటే, సన్‌షేడ్‌లో అవి పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు పనివారు పైచువ్వల మీద నడిచి వాటిని కిందికి తొక్కేస్తే సన్‌షేడ్ విరిగి పడే ప్రమాదం ఉన్నదని అనుభవమున్న మేస్త్రీకి తెలుసు. భ్రామకాల అధ్యాయంలో బలాన్ని దూరంతో గుణించడం నేర్చిన విద్యార్థి కడుతున్న ఇంటి దగ్గర పది నిమిషాలు నిలబడి ఆ మేస్త్రీని అడిగితే, ఆ గుణకారం ఎందుకో ఎన్నడూ మరచిపోడు. ఉష్ణం, ధ్వని అధ్యాయాలకు కూడా ఇలాంటి నిదర్శనాలు దూరాన లేవు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ పైనున్న బాలా హిసార్ దగ్గర వినిపించడం పర్యాటకులకు వినోదం, ధ్వని పరావర్తనం చదువుతున్న విద్యార్థికి మాత్రం పరిశీలించదగిన ప్రయోగం.

లెక్కల సంగతి అలా ఉండగా, చేతికి కావలసిన సాధన వేరు. ఆర్కిటెక్చర్ గీతలో మూడు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. కట్టడాన్ని కిటికీల ఎత్తున అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు గీసేది ప్లాను. ఎదురుగా నిలబడి ఒక ముఖాన్ని లోతు లేకుండా గీసేది ఎలివేషను. పైనుంచి కింది దాకా నిలువుగా కోసి, కోసిన ముఖాన్ని చూపేది సెక్షను. బొప్పాయిని అడ్డంగా కోస్తే ఒక ఆకారం, నిలువుగా కోస్తే మరో ఆకారం కనిపించి, రెండూ చూసినవారికే లోపలి బోలు సంగతి పూర్తిగా తెలిసినట్టు, ఒక ఇంటి ప్లానూ సెక్షనూ రెండూ చూస్తేనే దాని లోపలి చోటు అర్థమవుతుంది. కొత్త విద్యార్థులు ప్లానును త్వరగా పట్టుకుంటారు. సెక్షను దగ్గర తడబడతారు. కాబట్టి జూనియర్ కళాశాలలో ఉండగానే అలవాటు చేసుకోదగిన ఉత్తమమైన సాధన, తాము రోజూ తిరిగే చోటును కొలిచి గీయడం. ఒక టేపు, గళ్ళ కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

ఆ సాధనను మెట్లతో ప్రారంభించడం మంచిది. కళాశాల మెట్ల దగ్గర ఒక్కొక్క మెట్టు ఎత్తును, పాదం ఆనే వెడల్పును కొలిచి, అంతస్తు మొత్తం ఎత్తును మెట్ల సంఖ్యతో సరిచూసుకుంటే, ఎక్కడానికి హాయిగా ఉన్న మెట్లకు, ఆయాసం తెప్పించే మెట్లకు తేడా అంకెలలో కనిపిస్తుంది. నివాస గృహాలలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదని, పాదం ఆనే వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఎత్తును రెట్టింపు చేసి వెడల్పుతో కలిపితే సుమారు 60 సెంటీమీటర్లు రావాలన్న పాత సూత్రం మనిషి సగటు అడుగు నుంచి పుట్టినది. తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర అంగుళాల గోడ అని మేస్త్రీలు అనే మాటలు ఇటుక పొడవు, వెడల్పుల నుంచి వచ్చినవని, ఆ రెంటిలో ఏది బరువు మోస్తున్నదో ఏది కేవలం గదులను విడదీస్తున్నదో కొలత పట్టినప్పుడే తెలుస్తుంది. తన ఇంటిని ఇలా కొలిచి, ప్లాను ఒకటి, మెట్ల మీదుగా పోయే సెక్షను ఒకటి గీసుకున్న విద్యార్థి బి.ఆర్క్ మొదటి సెమిస్టరులో ఇచ్చే పనికి అప్పటికే పరిచయస్థుడు.

దూరాన్ని కాగితం మీద చూపించే పర్‌స్పెక్టివ్ అనే పద్ధతికి జూనియర్ కళాశాల వరండా కంటే అనువైన చోటు లేదు. పొడవాటి వరండా ఒక చివర నిలబడి చూస్తే స్తంభాల పైఅంచులను కలిపే గీత కిందికి, అడుగులను కలిపే గీత పైకి వంగుతూ రెండూ ఎదుట ఒకే బిందువు వైపు పోతాయి. ఆ బిందువు ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. విద్యార్థి నేల మీద కూర్చుంటే అది కిందికి దిగుతుంది, బల్ల ఎక్కి నిలబడితే పైకి లేస్తుంది. ఈ ఒక్క సత్యం పుస్తకంలో చదివినవారు చాలామంది, కూర్చునీ నిలబడీ రెండుసార్లు గీసి చూసినవారు తక్కువ. అలాగే స్తంభాల మధ్య దూరం నిజానికి సమానమే అయినా కాగితం మీద అది ఎలా కుదించుకుపోతుందో కంటితో అంచనా వేసి, చేయి చాచి పెన్సిలుతో కొలిచి, గీసి సరిచూసుకోవాలి. మొదట్లో స్కేలు పట్టకపోవడం మేలు. స్కేలు గీతను తిన్నగా చేస్తుందే గాని చూపును సరిదిద్దదు.

కంటికి కావలసిన పాఠాలు తెలుగునేల నిండా ఉన్నాయి. గోదావరి జిల్లాలలోని మండువా లోగిలిలో నాలుగువైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, నడుమ ఆకాశం వైపు తెరిచిన చోట వాననీరు పడి, తూము గుండా బయటికి పోతుంది. వేడెక్కిన గాలి ఆ తెరపి గుండా పైకి పోతుంది, వీధి వైపు కిటికీ లేని గదికి కూడా వెలుతురు అందుతుంది, పెళ్ళికీ పేరంటానికీ పదిమంది కూర్చునే చోటు అదే అవుతుంది. ఒక తెరపి ఇన్ని పనులు చేయడం గమనించిన విద్యార్థికి డిజైను అనే మాటకు నిర్వచనం వేరే చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలోని చుట్టిల్లు దీనికి పూర్తిగా భిన్నమైనది. గుండ్రటి మట్టిగోడ మీద శంకువు ఆకారపు తాటాకు కప్పు దాదాపు నేలకు తగిలేంత కిందికి దిగి ఉంటుంది. తుపాను గాలికి ఎదురు నిలిచే చదునైన ముఖం ఎక్కడా లేకపోవడంతో గాలి చీలి పక్కలకు పోతుంది, కిందికి దిగిన చూరు మట్టిగోడను వాన నుంచి కాపాడుతుంది. తక్కువ వానలు పడే అనంతపురం వైపు దూలాలు, దంతెలు పరిచి దాని మీద మందంగా మన్ను వేసిన చదునైన మిద్దెలు పగటి వేడిని లోపలికి మెల్లగా మాత్రమే దిగనిస్తాయి. ఒకే భాష మాట్లాడే ప్రజలు మూడు చోట్ల మూడు రకాల ఇళ్ళు కట్టుకోవడానికి కారణం గాలి, వాన, ఎండ, చేతికి అందిన సామగ్రి. ఈ ఇళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటిని కొలిచి గీసి పెట్టే పని ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విద్యార్థి చేపట్టినా, ఆ గీతలు చదువుకూ పనికివస్తాయి, ఊరికీ దక్కుతాయి.

పెద్ద కట్టడాలను కూడా ఇదే దృష్టితో చూడవచ్చు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిల్పాల గురించి అందరికీ తెలుసు, కాని విమానాన్ని నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టి పైబరువు తగ్గించిన ఆలోచన ఆర్కిటెక్చర్ విద్యార్థి మరింత శ్రద్ధగా చూడవలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడినవారు ముఖద్వారపు ఆర్చి ఎత్తును మనిషి ఎత్తుతో పోల్చి ఒక చిన్న బొమ్మ గీస్తే, కొలతల పట్టిక ఇవ్వలేని అనుభవం ఆ పోలికలో దొరుకుతుంది.

సికింద్రాబాదులో 1930లో పుట్టిన ఛార్లెస్ కొరియా జీవితం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. స్వతంత్ర భారతదేశపు ఆర్కిటెక్చర్‌లో అగ్రగణ్యుడైన కొరియా 1940ల చివరలో బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివి, ఆ తరవాతనే అమెరికా వెళ్ళి మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనూ ఆర్కిటెక్చర్ చదివారు. చిన్ననాడు బొమ్మ రైళ్ళ మీద ఉన్న మక్కువతో పట్టాల అమరికలను కాగితం మీద గీసుకుంటూ ఉండడం తనకు ప్లాను చదవడం నేర్పిందని ఆయన తరవాతి కాలంలో చెప్పుకున్నారు. అహ్మదాబాదులో సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయం, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ పరిపాలనా భవనం ఆయన రూపకల్పనలే. ఎండను, గాలిని అదుపులో పెట్టుకుని కట్టడం ఆయన పనిలో ఆది నుంచీ కనిపించే లక్షణం. కళాశాల మెట్లెక్కకముందే గీత పట్ల ఉన్న ఇష్టం ఒక ఆటలో నిలిచి ఉండడం ఇక్కడ ముఖ్యమైన విషయం; ఏ పాఠ్యప్రణాళికా దాన్ని ఆయనకు ఇవ్వలేదు.

అమెరికాలో రెండేళ్ళ కళాశాలల వ్యవస్థ మరో తీరుగా ఎదిగింది. 1901లో ఇల్లినాయి రాష్ట్రంలో జోలియెట్ జూనియర్ కళాశాలతో మొదలైన ఈ కమ్యూనిటీ కళాశాలలు తక్కువ ఫీజుతో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ ఇచ్చి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయాలకు బదిలీ అయ్యే అవకాశం కల్పిస్తాయి. వీటిలో కొన్ని, శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ, మయామీ డేడ్ కాలేజీ వంటివి, ఆర్కిటెక్చర్ స్టూడియోను, నమూనాల తయారీని ఆ రెండేళ్ళలోనే నేర్పుతాయి. టొరంటోలో 1929లో పుట్టి 1947లో లాస్ ఏంజలెస్ చేరిన ఫ్రాంక్ గేరీ లారీ నడుపుతూ లాస్ ఏంజలెస్ సిటీ కాలేజీలో చదువుకుని, ఏది తనకు సరిపడుతుందో వెతుక్కుంటూ ఆర్కిటెక్చర్‌కు చేరి, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1954లో పట్టా పొందారు. బిల్‌బావ్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన ప్రసిద్ధ రచన. అయితే ఈ దారిలో ఒక చిక్కు ఉంది, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు దాన్ని ముందే తెలుసుకోవడం అవసరం. అక్కడ నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డు గుర్తింపు ఇచ్చేది బి.ఆర్క్, ఎం.ఆర్క్ వంటి వృత్తి డిగ్రీలకే గాని రెండేళ్ళ డిగ్రీకి కాదు. పైగా స్టూడియోలు ఒకదాని తరవాత ఒకటి వరుసగా చేయవలసినవి కనుక, బదిలీ అయిన విద్యార్థి రెండేళ్ళు చదివి వచ్చినా తన పనుల సంపుటిని, అంటే పోర్ట్‌ఫోలియోను, పరిశీలించి విశ్వవిద్యాలయం రెండో ఏటి స్టూడియోలోనే చేర్చుకోవచ్చు. గణితం, ఆంగ్లం వంటి పాఠాల క్రెడిట్లు సులువుగా బదిలీ అవుతాయి. గీసిన పని మాత్రం కళ్ళతో చూసిన తరవాతనే లెక్కకు వస్తుంది.

తెలుగు రాష్ట్రాల విద్యార్థికి అలాంటి స్టూడియో జూనియర్ కళాశాలలో దొరకదు కాబట్టి దాన్ని తన నోటు పుస్తకంలోనే ఏర్పరచుకోవాలి. హాస్టలులో ఉండి ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో గడిపే పిల్లలకు ఇది ఎంత కష్టమో తెలిసినదే. వారి విషయంలో రోజుకు అరగంట గీతకు విడిచిపెట్టమని తల్లిదండ్రులు కళాశాల వారిని అడగవలసి వస్తుంది, అడగాలి కూడా. ఖర్చు పెద్దది కాదు. 2బి, 4బి, 6బి పెన్సిళ్ళు, ఒక స్కెచ్ పుస్తకం, నాలుగైదు రంగులు, కత్తెర, మందపాటి అట్ట చాలు. పాత శుభలేఖల అట్టతో చేసిన నమూనా త్రిమితీయ సాధనకు ఏమాత్రం తక్కువ కాదు. ప్రతి బొమ్మ కింద తేదీ, చోటు, గీసిన వేళ రాసుకోవడం వల్ల నీడ ఏ వైపు పడిందో తరవాత సరిచూసుకోవచ్చు. బాగా రాని బొమ్మలను చింపివేయడం మాత్రం మానాలి. ఏ తప్పు ఎన్నాళ్ళకు పోయిందో చెప్పేవి అవే. తెలుగు మాధ్యమంలో చదివినవారు ప్లాను, సెక్షను, స్కేలు, ప్రపోర్షను వంటి మాటలను బొమ్మ పక్కనే ఇంగ్లీషులోనూ రాసుకుంటే, నాటా ప్రశ్నలలో ఆ మాటలు ఎదురైనప్పుడు తడబడరు. ఇంటర్ మార్కులను కూడా నిర్లక్ష్యం చేయడానికి లేదు, రాష్ట్రంలోని ప్రవేశాల ర్యాంకులో వాటికి భాగం ఉంటుంది.

ఆడపిల్లలను ఈ చదువుకు పంపడానికి సందేహించే ఇళ్ళలో, సైటు మీద ఎండలో మేస్త్రీల మధ్య నిలబడాలి కదా అన్న మాట వినిపిస్తుంది. దేశంలోని ఆర్కిటెక్చర్ తరగతి గదులలో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, సొంత కార్యాలయాలు నడుపుతున్న మహిళా ఆర్కిటెక్టులు హైదరాబాదు, విజయవాడ, విశాఖ నగరాలలో ఉన్నారు. ఇంటి లోపలి చోటును తరతరాలుగా అందరికంటే ఎక్కువగా వాడినవారికి దాన్ని రూపొందించే హక్కు మొదట దక్కడం న్యాయం.

పరీక్షలన్నీ ముగిసి కౌన్సెలింగుకు వెళ్ళే నాటికి చూసుకోవలసిన విషయం మరొకటి మిగిలి ఉంటుంది. బి.ఆర్క్ ఇస్తున్న ప్రతి కళాశాలా కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అనుమతి పొందినదై ఉండాలి. ఆ జాబితాను కౌన్సిల్ ప్రకటిస్తుంది. జాబితాలో పేరు ఉన్నదో లేదో, ఆ యేటికి అనుమతి ఉన్నదో లేదో చూసుకోకుండా చేరితే, ఐదేళ్ళ తరవాత నమోదు దగ్గర చిక్కు వస్తుంది. జాబితా చూసుకున్నాక కళాశాలకు స్వయంగా వెళ్ళి, స్టూడియో గదిలో విద్యార్థులు గీస్తున్న పనిని, గోడలకు తగిలించిన షీట్లను, నమూనాలు చేసే బల్లలను, గ్రంథాలయాన్ని చూసి, పై తరగతి విద్యార్థులతో మాట్లాడితే, అక్కడ చదువు ఎలా సాగుతున్నదో ఒక పూటలో తెలుస్తుంది.